బండ్ల పరస: జావా పండుగకు పోయి విదురాశ్వత్థం మీదుగా వచ్చిన కథ

మా అవ్వ చెప్పిన కథల్లో ఒకటి మన ఇంట్లో అందరికీ తెలిసిందే. "మీ ముత్తాత విదురాశ్వత్థం పరసలో బండి ఆడనే వదిలిపెట్టి నడుచుకుంటా ఇంటికొచ్చినాడు" అని. చిన్నప్పుడు ఆ మాట విన్నప్పుడల్లా నా కళ్ల ముందుకు మోటరుబండే వచ్చేది. వసారాలో నాయన యెజ్డి నిలబడి ఉండేది కదా, మాకు బండి అంటే అదే. పైగా నేను చదివింది కన్నడ బడిలో. అక్కడి పాఠాల్లో ఎద్దులు లాగేది 'ఎత్తిన గాడి'. కాబట్టి బండి అనే తెలుగు మాట నా తలలో పెట్రోలుతో నడిచేదానికి మాత్రమే మిగిలిపోయింది. 1938లో మా ముత్తాతకు మోటరుబండి ఎక్కడిదని నాకు తట్టేసరికి పదమూడేళ్లు వచ్చినాయి. అప్పటికి అవ్వ లేదు.

ఈ పాత కథను మళ్లీ తవ్వింది 2019 జులైలో మేము నలుగురం స్నేహితులం బెంగళూరులో జావా పండుగకు పోయిన ప్రయాణం. ముందు బండి సంగతి చెప్తాను, తరువాత పరస సంగతి.

నాయన యెజ్డి రోడ్‌కింగ్ కొన్నది 1984లో, పట్టుగూళ్ల డబ్బుతో. మన బాగేపల్లి, చింతామణి, శిడ్లఘట్ట వైపు పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు గానీ, హైదరాబాదులోనో అమెరికాలోనో పెరుగుతున్న మన పిల్లలకు చెప్పాల. పురుగు గూడు కట్టుకున్న ఐదారు రోజులకు చంద్రికల మీద నుంచి గూళ్లు విడిపిస్తారు. అక్కడి నుంచి గడియారం తిరగడం మొదలు. ఇంకో వారం ఆలస్యమైతే లోపలి పురుగు చిలకై గూడు తొలుచుకుని బయటికి వస్తుంది. తొలిచిన గూడుకు దారం పారదు, ధర పలకదు. ఇంట్లో పెట్టుకుని మంచి రేటు కోసం కాచుకోవడం కుదరని పంట అది. అమ్మాలన్నా ఎవరికంటే వాళ్లకు అమ్మకూడదు. 1959 నాటి మైసూరు చట్టం ప్రకారం సర్కారు గూళ్ల మార్కెట్‌కే తీసుకుపోవాల. మా వైపు వాళ్లకు అది శిడ్లఘట్ట. ఎద్దులబండి కట్టుకుంటే ఒక రాత్రంతా దారిలోనే. యెజ్డి వెనక రెండు మూటలు కట్టి తెల్లవారుజామున మూడింటికి బయలుదేరితే, వేలం మొదలయ్యేలోపల అక్కడ టీ తాగుతా ఉండొచ్చు. నాయన ఆ బండిని ఎప్పుడూ షోకు వస్తువని అనుకోలేదు. ఎద్దులు అమ్మేసి కొన్న ఎద్దు అది.

ఇది మాటకు చెప్తున్నది కాదు. నిజంగానే ఆ సంవత్సరం మా కొట్టంలోని హళ్లికారు జతను అమ్మేసినారు. పట్టు డబ్బుకు ఆ డబ్బు కలిపితేనే బండి వచ్చింది.

ఆ బండి మన మైసూరులో పుట్టింది. దాని అవ్వతాతలు మాత్రం ప్రాగ్‌లో ఉంటారు. ఫ్రాంతిషెక్ యానెచెక్ అనే ఆయనకు అక్కడ ఆయుధాల ఫ్యాక్టరీ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినాక తుపాకులకు గిరాకీ పడిపోయింది. ఇంకేదైనా చేయాలని 1929లో జర్మనీలోని వాండరర్ కంపెనీ దగ్గర మోటర్‌సైకిల్ నమూనా కొన్నాడు. తన పేరులో మొదటి రెండక్షరాలు, వాండరర్‌లో మొదటి రెండక్షరాలు కలిపితే జావా. ఇండోనేసియా దీవికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నేను కాలేజీ రోజుల దాకా ఆ దీవి పేరే అనుకున్నాను. తరువాత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినాక జావా అంటే ఇంకొకటి తగులుకుంది, అది వేరే బాధ.

స్వతంత్రం వచ్చినాక 1950లలో ఇరానీ కుటుంబం ఒకటి బొంబాయిలో ఈ బండ్లు దిగుమతి చేసి అమ్మేది. దేశంలోకి తయారుబండ్లు రాకుండా సర్కారు బిగించేసరికి, ఇక్కడే తయారు చేద్దామని రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ 1960లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టినారు. యాదవగిరిలో ఫ్యాక్టరీ. ప్రారంభోత్సవం చేసింది జయచామరాజేంద్ర ఒడెయరు. రాజ్యం పోయినాక ఆయన అప్పుడు మైసూరు రాష్ట్రానికి గవర్నరుగా ఉన్నారు. 1961 నుంచి బండ్లు రోడ్డెక్కినాయి. అంతకుముందే, 1955లో, మద్రాసులో రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదలై ఉంది. కాబట్టి మన దక్షిణాదిలో పెద్దబండి కొనాలనుకున్నవాడికి రెండే ఊర్లు గుర్తొచ్చేవి. బుల్లెట్ అయితే మద్రాసు, జావా అయితే మైసూరు. 1970లలో చెక్ వాళ్లతో ఒప్పందం ముగిసినాక మన బండి పేరు యెజ్డి అయింది. ఇరాన్‌లో పార్సీల పాత ఊరు యజ్ద్ పేరు మీద పెట్టినారని అంటారు.

రెండు స్ట్రోకుల ఇంజను, 250 సీసీ. ఒక్క సిలిండరే గానీ రెండు పొగగొట్టాలు. కిక్ కొట్టేదీ గేరు వేసేదీ ఒకే కడ్డీ. కిక్ కొట్టినాక దాన్ని ముందుకు తిప్పితే గేరు కడ్డీ అవుతుంది. మొదటిసారి చూసినవాడు కిక్కు ఎక్కడుందో వెతుక్కుంటాడు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాల. ఎడ్లబండి ఇరుసుకు కందెన పూసిన చేత్తోనే నాయన ఈ ఆయిలు కొలిచేవాడు. రెండింటికీ ఒకే గుడ్డ కూడా.

మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అంతకుముందే జపాన్ కంపెనీలతో కలిసి చేసిన నాలుగు స్ట్రోకుల చిన్నబండ్లు వచ్చేసినాయి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడిగే కాలంలో యెజ్డి జవాబు చెప్పలేకపోయింది. 2018 నవంబరులో జావా పేరుతో కొత్త కంపెనీ మళ్లీ బండ్లు తెచ్చింది. అవి నాలుగు స్ట్రోకులవి, తయారయ్యేది మధ్యప్రదేశ్‌లో. బాగున్నాయి. మా నాయన ఒకటి నడిపి చూసి, "ఇది దగ్గదు కదరా" అన్నాడు.

ఇంక 2019 సంగతి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకొకసారి ఆర్‌సి రెన్యువల్ చేయించాల. ఆ సంవత్సరం మళ్లీ గడువు వచ్చింది. నాయనకు మోకాళ్లు పోయినాయి, కిక్ కొట్టలేడు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టరుని, వారానికి ఒకసారి వచ్చి పది నిమిషాలు తిప్పి పెడతాను. అమ్మకు వసారాలో పొగ పడదు. అందరం కూర్చుని అమ్మేద్దామని అనుకున్నాము. అమ్మేది ఎక్కడ? జులైలో రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినం. పాత జావా, యెజ్డి ఉన్నవాళ్లంతా ఒకచోట చేరతారు. బెంగళూరులో చేరేది పెద్ద గుంపు. కొనేవాళ్లూ అక్కడే ఉంటారు. "మంచి రేటు పలికితే ఆడనే ఇచ్చేసి రా, ఫోను చేయాల్సిన పని లేదు" అన్నాడు నాయన. అనేసి లోపలికి పోయినాడు. బయలుదేరేటప్పుడు మాత్రం వచ్చి చెయిను బిగువు చూసి, ఆయిలు తానే కలిపి పోసినాడు.

జులై అంటే ఐరోపాలో నడివేసవి, అందుకే వాళ్లకు అది బండ్ల పండుగ కాలం. మనకు ఆషాఢం. తొలి ఏకాదశి మరుసటి రోజు, శనివారం సాయంత్రం బయలుదేరినాము. ఎదురుగాలికి హెల్మెట్ ఊగిపోతా ఉంది. బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం నలభై కిలోమీటర్ల దగ్గర. ఇప్పుడు దాన్ని 44వ నంబరు జాతీయ రహదారి అంటారు, మా చిన్నప్పుడు 7. కొత్త బండ్లు రయ్యిమని పోతాయి. యెజ్డి మాత్రం అరవైలో హాయిగా, ఎనభైలో కోపంగా ఉంటుంది. చింతామణి నుంచి ఒక స్నేహితుడు వాళ్ల మామ జావాలో వచ్చి చిక్కబళ్లాపురం దగ్గర కలిసినాడు. గౌరిబిదనూరు వాడు ఒకడు బుల్లెట్‌లో వచ్చినాడు. జావా పండుగకు బుల్లెట్ ఏమిరా అంటే, "దారిలో మీవి నిలిచిపోతే తోసేదానికి" అన్నాడు. నాలుగోవాడు నా వెనక సీటులో, గుడారం ఒళ్లో పెట్టుకుని.

బెంగళూరుకు ఆ రాత్రే పోవచ్చు, అరవై కిలోమీటర్లే. కానీ తెల్లవారి అందరితో కలిసి ఊళ్లోకి పోవాలని, నంది కొండ కింద ఒక తెలిసినవాళ్ల ద్రాక్షతోట పక్కన బయల్లో గుడారం వేసినాము. గుడారం వేయడం మాలో ఎవరికీ సరిగా రాదు. గాలికి రెండుసార్లు లేచిపోయింది. చివరికి మూడు బండ్లను మూడు వైపుల నిలబెట్టి వాటికి కట్టేసినాము. చెనిక్కాయలు, బొరుగులు, ఇంటి నుంచి తెచ్చిన ముద్ద, ఊరుబిండి. మబ్బుల్లోంచి చంద్రుడు వస్తా పోతా ఉన్నాడు. నంది కొండ నల్లగా పైన నిలబడి ఉంది. 1791 అక్టోబరులో కార్న్‌వాలిస్ సైన్యం ఆ కోటను పట్టుకున్నప్పుడు కింద ఇట్లనే గుడారాలు ఉండి ఉంటాయని చింతామణి వాడు అన్నాడు. వాళ్లకు గాలికి లేచిపోయి ఉండవులే అన్నాము.

అప్పుడు మాటల్లో పరసల సంగతి వచ్చింది. మన ఇంట్లో పరస అనేదాన్నే కన్నడంలో పరిషె అంటారు, కోస్తా వాళ్లు తిరునాళ్లంటారు. చింతామణి వాడికి కైవారం తాతయ్య ఆరాధన గుర్తు. వాళ్ల అవ్వతాతలు గూడుబండి కట్టుకుని పోయేవాళ్లు. బండి ఆపిన చోటే కాపురం. ఎద్దులను చక్రాలకు కట్టేసి, ముందర గడ్డి పరిచి, ఉలవలు నానబెట్టి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి రగిలించి, రాత్రికి బండి కింద ఆడవాళ్లూ పిల్లలూ, బయట మగవాళ్లూ. పక్క బండిలో ఎవరున్నారో తెలుసుకునేది తెల్లవారినాకే. అక్కడే సంబంధాలు కుదిరేవి, అప్పులు తీరేవి, కొత్త అప్పులు పుట్టేవి. నాయన చెప్పేది కూడా ఇదే. విదురాశ్వత్థం పరసకు మా ఇంటి నుంచి రెండు రోజుల ముందు బండి కట్టేవాళ్లు, దారిలో ఒక రాత్రి చెరువు గట్టు మీద నిద్ర అని.

బండ్లను చుట్టూ నిలబెట్టి మధ్యలో పడుకున్న మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. మా ముగ్గురిదీ బెంగళూరు ఆఫీసు ఉద్యోగం. ఈ క్యాంపింగు అనేది యూట్యూబులో చూసి నేర్చుకున్నామనే అనుకుంటా ఉన్నాము.

పొద్దున్నే బెంగళూరులో ఆ మైదానం చూస్తే ఏం చెప్పాల. వందల బండ్లు. వరసలు వరసలుగా నలుపు, ఎరుపు, వెండిరంగు ట్యాంకులు. కాలిన ఆయిలు వాసనకు నాకు శిడ్లఘట్ట మార్కెట్ బయటి తెల్లవారుజాము గుర్తొచ్చింది. మైసూరు నుంచి, కేరళ నుంచి, తమిళనాడు నుంచి వచ్చినారు. అరవైల నాటి జావాలు కొత్తపెళ్లికొడుకుల మాదిరి మెరుస్తా ఉన్నాయి. కొందరు తాతల ఫోటోలు ట్యాంకు మీద పెట్టి తెచ్చినారు. ఒకాయన మనవరాలిని ముందర కూర్చోబెట్టుకుని మైదానం చుట్టూ తిప్పుతున్నాడు.

అక్కడ మనుషులు బండ్లను చూసే పద్ధతి చూసినాక నాకు నవ్వు వచ్చింది. ఘాటి సుబ్రహ్మణ్యం ఎద్దుల పరసలో రైతులు ఎద్దును ఎట్ల చూస్తారో అచ్చం అట్లనే. పళ్లు చూసినట్టు ఇంజను నంబరు చూస్తారు. కొమ్ములు పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుని ఊపుతారు. వెనక్కి పోయి నిలబడి కాళ్లు చూస్తారు. ఏ ఊరిది, ఎంతమంది చేతులు మారింది, ఏమి మేపుతావు అని అడుగుతారు. ధర మాత్రం గట్టిగా అడగరు. ఎద్దుల పరసలో అయితే తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లతో బేరమాడతారు, ఇక్కడ ఫోనులో అంకె కొట్టి చూపిస్తారు.

మా రోడ్‌కింగ్‌కు ముగ్గురు అంకె చూపించినారు. మూడో అంకె మంచిదే. నాయన అనుకున్నదానికంటే రెండింతలు దగ్గర.

ఆలోచించుకుని చెప్తానని పక్కకు వచ్చినాను. అప్పుడే ఒక పెద్దాయన బండి దగ్గర గొంతుకూర్చుని ఇంజను కింది భాగం చూస్తా ఉన్నాడు. మైసూరు ఫ్యాక్టరీలో పని చేసినవాడినని చెప్పినాడు. కన్నడంలో మాట్లాడినాడు. ఇంజను పక్క మూత మీద చెయ్యి పెట్టి, దీన్ని ఎవరైనా తెరిచినారా అని అడిగినాడు. మా నాయన ఒక్కడే తెరిచినాడు అన్నాను. "మీ నాయన వచ్చినారా?" అన్నాడు. లేదన్నాను. ఇంకేమీ అడగలేదు. వెళ్లేటప్పుడు ట్యాంకును రెండుసార్లు తట్టి పోయినాడు, ఎద్దు వీపు తట్టినట్టు.

మూడో అంకె చూపించినాయనకు ఈసారికి అమ్మడం లేదని చెప్పినాను. కారణం అడిగితే నా దగ్గర ఏమీ లేదు. ఆర్‌సి గడువు, అమ్మ పొగ, నాయన మోకాళ్లు అన్నీ అట్లనే ఉన్నాయి.

వచ్చేటప్పుడు వచ్చిన దారిన రాలేదు. గౌరిబిదనూరు వాడిని ఇంటికాడ దింపినట్టూ ఉంటుంది, విదురాశ్వత్థం చూసినట్టూ ఉంటుంది అని దొడ్డబళ్లాపురం దారి పట్టినాము. పోయే ముందు ఆ చోటి చరిత్ర చెప్పాల. బయటి తెలుగువాళ్లకు జలియన్‌వాలాబాగ్ తెలుసు గానీ ఇది తెలియదు. హిందూపురానికి కూతవేటు దూరంలో జరిగింది, చనిపోయినవాళ్లలో ఇంట్లో మన మాదిరి తెలుగు మాట్లాడేవాళ్లు లేకుండా ఉండరు. అయినా తెలుగు పుస్తకాల్లో నాకు పెద్దగా కనిపించలేదు. హద్దు అవతల జరిగిందని వదిలేసినారేమో.

ఉత్తర పినాకిని ఒడ్డున పెద్ద రావిచెట్టు. భారతంలోని విదురుడు నాటినాడని నమ్మకం. చుట్టూ వేల నాగశిలలు. పిల్లలు కావాలని, నాగదోషం పోవాలని ప్రతిష్ఠించినవి. ఏప్రిల్‌లో పరస. 1938 నాటికి ఇది మైసూరు సంస్థానంలో, కోలారు జిల్లాలో ఉంది. దేశంలో బ్రిటిషు వాళ్ల ప్రాంతాల్లో కాంగ్రెసు మంత్రులు కుర్చీల్లో ఉన్నారు, మైసూరులో మాత్రం కాంగ్రెసు జెండా ఎగరేయడం నేరం. ఏప్రిల్ రెండో వారంలో మద్దూరు పక్కన శివపురంలో నిషేధాన్ని దాటి జెండా ఎత్తినారు. అది చూసి ఊరూరా జెండా సత్యాగ్రహం మొదలైంది. సభలు పెట్టకూడదని సర్కారు ఆజ్ఞలు. అయితే పరసను ఎవరు ఆపగలరు? వేలమంది వాళ్లంతట వాళ్లే బండ్లు కట్టుకుని వస్తారు. ఏప్రిల్ 25, సోమవారం, విదురాశ్వత్థంలో జనం చేరినారు. పోలీసులు కాల్చినారు. ప్రభుత్వ లెక్క పది దగ్గర ఆగింది. ఊళ్లలో చెప్పే లెక్క ముప్పై దాటుతుంది.

ఆ తరువాత జరిగింది త్వరత్వరగా జరిగింది. మేలో సర్దార్ పటేల్, కృపలానీ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడినారు. మైసూరు రాజ్యపు జెండాతో పాటు కాంగ్రెసు జెండా కూడా ఎగరేయొచ్చని ఒప్పందమైంది. కాల్పుల మీద విచారణ సంఘానికి పెద్దగా పెట్టింది మద్రాసు హైకోర్టులో జడ్జిగా చేసిన వేపా రామేశాన్ని. ఆయన తెలుగువాడే.

అదే 1938లో, ఆగస్టు 14న, అమెరికాలో దక్షిణ డకోటాలోని స్టర్జిస్ అనే చిన్న ఊళ్లో మోటర్‌సైకిళ్ల పందెం పెట్టినారు. క్లారెన్స్ హోయెల్ అని ఒక బండ్ల వ్యాపారి, అందరూ పాపీ అనేవాళ్లు. అమ్మే బండి పేరు ఇండియన్, మన దేశంతో దానికి సంబంధం లేదు. మొదటిసారి పందెంలో దిగింది తొమ్మిదిమంది. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆయన ఇంటి వెనక పెరట్లోనే గుడారాలు. ఇప్పుడది ప్రపంచంలోని పెద్ద బండ్ల పరసల్లో ఒకటి. 2015లో, 75వ పరసకు, 7,39,000 మంది వచ్చినారని లెక్క. ఊరి జనం ఏడు వేలు. అమెరికాలో ఉన్న మన వాళ్లెవరైనా ఆగస్టులో ఆ దారిన పోతే చూసి రండి. రెండు సంఘటనలూ ఒకే ఏడాది వేసవిలో జరగడంలో అర్థమేమీ లేదు, తేదీలు ఊరికే కలిసినాయి. కానీ ఒకచోట పెరట్లో గుడారం వేసుకున్నవాళ్ల తొమ్మిది పేర్లకు చరిత్ర దొరికింది. ఇంకోచోట చెట్టు కింద బండి ఆపుకున్నవాళ్ల లెక్కే ఇంకా తేలలేదు.

మా ముత్తాత ఆ లెక్కలో ఎక్కడ ఉన్నాడు? అవ్వ చెప్పింది ఇంతే. తుపాకుల మోత వినబడగానే ఎద్దుల పలుపులు కోసేసినాడు, అవి ఎటు పోయినాయో తెలియదు, బండి అక్కడే విడిచి రాత్రంతా నడిచి వచ్చినాడు, వారం రోజులు మాట్లాడలేదు. నేను టెస్టరుని. ఎవరో చెప్పినంత మాత్రాన పాస్ అని రాయడం నా వృత్తిలో కుదరదు. ఆయన మామూలు భక్తుడిగా పోయినాడా, జెండా కోసం పోయినాడా? అసలు ఆ రోజు అక్కడ ఉన్నాడా? పెద్ద సంఘటన జరిగినచోట మా తాత కూడా ఉండినాడని చెప్పుకోని ఇల్లు ఉండదు.

ఇంట్లో ఒక పాత ఖాతాపుస్తకం ఉంది. భాష తెలుగు, అక్షరాలు కన్నడం. మన వైపు ఇది వింత కాదు. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు కూడా మనకు కన్నడ అక్షరాల్లో అచ్చయ్యే దొరుకుతాయి. నాకు తెలుగు లిపి వచ్చింది ముప్పై దాటినాక, అదీ కన్నడం మీద తలకట్లు మార్చుకుంటా కూడబలుక్కుని. కాబట్టి ముత్తాత రాత నాకు అందుబాటులో ఉండటం అదృష్టమే. అందులో బహుధాన్య నామ సంవత్సరం చైత్రం నెల పేజీలో ఏమీ లేదు. అంటే 1938 ఏప్రిల్. వైశాఖంలో ఒక పద్దు ఉంది: బండి చక్రం ఒకటి, కడశీలలు రెండు, వడ్రంగి కూలి. అంకెలు ఉన్న వైపు పురుగు తినేసింది. ఆ కింద నాలుగు పద్దులకు, ఎద్దు ఒకటి.

అంతే. బండిని తరువాత తెచ్చుకున్నాడని అర్థం, ఒక చక్రం లేకుండా. ఒక ఎద్దు తిరిగి రాలేదని కూడా అనుకోవచ్చు. లేదంటే చక్రం మామూలుగా విరిగి ఉండొచ్చు, ఎద్దు ముసలిదై ఉండొచ్చు. ఆ బండి చక్రాలు నాయన చిన్నప్పుడే పొయ్యిలోకి పోయినాయి, చూసి తేల్చుకునేదానికి లేదు. కథ నిజమని ఈ పుస్తకం చెప్పదు, అబద్ధమనీ చెప్పదు. ఆఫీసులో అయితే ఇట్లాంటిదాన్ని ఓపెన్‌గానే ఉంచుతాము.

మేము విదురాశ్వత్థం చేరేసరికి సాయంత్రం ఐదు. పాత రావిచెట్టు 2001లో పడిపోయింది. దాని మోడు, నాగశిలలు, కొంచెం దూరంలో వీరసౌధ. అమరుల పేర్లు కన్నడంలో రాసి ఉన్నాయి. ఒక్కొక్కటే చదివినాను. మన ఇంటి పేరు ఉండదని తెలుసు, ఆయన బతికి వచ్చినాడు కాబట్టే నేను ఉన్నాను. అయినా చివరి పేరు దాకా చదివినాను. గౌరిబిదనూరు వాడు ఒక పేరు దగ్గర ఆగి, ఇది మా ఊరి పక్క ఊరు అన్నాడు.

బయటికి వచ్చి చూస్తే యెజ్డి కదలలేదు. కిక్ మీద కిక్ కొట్టినా పలకదు. ప్లగ్గు తీసి తుడిచి పెట్టినా లేదు. చింతామణి వాడు నవ్వుతా ఉన్నాడు. అప్పుడే నాయన ఫోను. రేటు ఎంత పలికిందని అడగలేదు.

"ఏమిరా, బండి ఆడనే వదిలిపెట్టినావా?"

"లేదు నాయనా. నాతోనే ఉంది. విదురాశ్వత్థంలో ఉన్నాము."

కాసేపు మాట లేదు.

"స్టార్టు కావడం లేదా?"

"నీకెట్ల తెలుసు?"

"చల్లగాలికి అట్లనే చేస్తుంది. పెట్రోలు కట్టేసి నాలుగు కిక్కులు కొట్టు. మళ్లీ తిప్పి ఒకటి కొట్టు."

నాలుగు కొట్టినాను. తిప్పి ఒకటి కొట్టినాను. బుల్లెట్‌వాడి చేత తోయించుకునే పని తప్పింది. గుడిబండ మీదుగా బాగేపల్లి చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. వసారాలో లైటు వేసి ఉంది. నాయన కుర్చీ వేసుకుని, బండి నిలబడే చోటు ఖాళీగా వదిలి, పక్కన కూర్చుని ఉన్నాడు.